కట్టేసిన బండి లోన్‌కి సిబిల్‌లో బాకీ... ఆ 3,480 కట్టేయమంటారా?

ప్రశ్న: నేను ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. వయసు 41. ఈమధ్యే ఒక ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాం. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. హోమ్ లోన్‌కి వెళ్తే సిబిల్ స్కోరు 612 ఉంది, ఇవ్వలేమన్నారు. రిపోర్టు తీయించి చూస్తే మూడు చోట్ల తేడా కనిపించింది. 2016లో తీసుకున్న బైక్ లోన్ 2019 మార్చిలోనే మొత్తం కట్టేశాను, కానీ అందులో 'రిటెన్ ఆఫ్' (వసూలు కాని బాకీగా కొట్టేసినట్టు) అని, 3,480 రూపాయలు బాకీ అని ఉంది. అప్పు తీరిందని అప్పుడిచ్చిన ఎన్‌ఓసీ ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. రెండోది, 2022 ఆగస్టులో నేను 18,500 రూపాయల లోన్ తీసుకున్నట్టు ఉంది. ఆ కంపెనీ పేరే నేను వినలేదు. మూడోది మా బావమరిది ట్రాక్టర్ లోన్. నేను హామీ సంతకం మాత్రమే పెట్టాను, రూపాయి కూడా తీసుకోలేదు. అది కూడా నా పేరు మీదే చూపిస్తోంది.

బైక్ ఫైనాన్స్ కంపెనీ బ్రాంచికి వెళ్తే, ఆ 3,480 కట్టండి సార్, సెటిల్ చేసేస్తాం అంటున్నారు. మా ఆవిడ కూడా కట్టేస్తే పీడా పోతుంది కదా అంటోంది. ఇంకో ఏజెంటు 12,000 ఇస్తే పదిహేను రోజుల్లో మూడూ తీయించేస్తానంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? రిపోర్టు ఫొటోలు పంపిస్తున్నాను.

జవాబు: ఆ 3,480 ఇప్పుడు కట్టకండి. ఏజెంటుకి ఆ 12,000 అసలే ఇవ్వకండి. ఈ రెండూ ఆపితే మిగతాది నిదానంగా చేసుకోవచ్చు. మీ దగ్గర అందుకు సరిపడా సమయం ఉంది.

మీ రిపోర్టు ఫొటోలన్నీ చూశాను. మీరు మూడింటినీ కలిపి 'తేడా' అంటున్నారు గానీ, మూడింటి సంగతీ వేరు. మొదటిది తీరిన అప్పును తీరనట్టు చూపడం. రెండోది అసలు మీది కాని అప్పు. మూడోది తప్పు కాదు. వినడానికి కష్టంగా ఉన్నా, అది నిజమే. దాని గురించి తర్వాత చెప్తాను.

ముందుగా ఒక విషయం అర్థం చేసుకోవాలి. చాలామంది ఇక్కడే దారి తప్పి నెలలు పోగొట్టుకుంటారు. మీ రిపోర్టులో రాసింది సిబిల్ వాళ్లు కాదు. మీకు అప్పిచ్చిన కంపెనీ రాసి పంపింది, సిబిల్ దాన్ని తన దగ్గర ఉంచుకుని, అడిగిన బ్యాంకుకు చూపించింది. మీసేవలో భూమి 1బి నకలు తీసుకుంటే అందులో మీ విస్తీర్ణం తప్పు పడిందనుకోండి. కౌంటర్లో కూర్చున్న కుర్రాడితో ఎంత గొడవపడినా అతను దిద్దలేడు. తహసీల్దారు ఆఫీసులో రికార్డు మారితేనే నకలు మారుతుంది. ఇదీ అంతే. 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం కూడా అదే చెప్తుంది: అప్పిచ్చిన సంస్థ సరేనని ధృవీకరిస్తేనే బ్యూరో (సిబిల్ లాంటి సంస్థ) ఎంట్రీని మార్చాలి. అలాగని బ్యూరోకి రాయడం వృథా అనుకోకండి. మీరు అడిగిన 30 రోజుల్లోగా సరిచేసే చర్యలు తీసుకోవాలని అదే చట్టంలోని 21వ సెక్షన్ బ్యూరోకీ, అప్పిచ్చిన సంస్థకీ ఇద్దరికీ చెప్తోంది. అందుకే నేను ఎవరికైనా ఒకే రోజు రెండు చోట్లా రాయమనే చెప్తాను. బ్యూరోకి రాసింది గడువును మొదలుపెడుతుంది. కంపెనీకి రాసింది అసలు పని చేయిస్తుంది.

ఇక బైక్ లోన్. మీరు పంపిన రెండో ఫొటోలో, ఆ ఖాతా కింద చిన్న చిన్న గళ్లు వరసగా ఉన్నాయి కదా, వాటిని ఒకసారి దగ్గరగా చూడండి. ఒక్కో గడి ఒక్కో నెల. అందులో ఉన్న అంకె, ఆ నెలకి మీరు ఎన్ని రోజులు ఆలస్యంగా ఉన్నారో చెప్తుంది. దాన్నే డీపీడీ అంటారు. 000 అంటే ఆలస్యం లేదు. ఎక్స్‌లు మూడు ఉంటే ఆ నెల కంపెనీ ఏమీ పంపలేదని. మీకు 2019 జనవరి, ఫిబ్రవరి, మార్చి గళ్లలో 000 ఉంది. ఏప్రిల్ నుంచి 030, 060, 090 అని పెరుగుతూ పోయి, 2021 చివరికి 900 దగ్గర ఆగింది. ఆ పైన 'రిటెన్ ఆఫ్' అని వేశారు. తర్వాత ఆ ఖాతాని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

మూడేళ్లు ఒక్క ఈఎంఐ తప్పకుండా కట్టిన మనిషి, ఆఖరి నెలలో 3,480 రూపాయలు ఎగ్గొట్టి పారిపోతాడా? లోన్ ఫైళ్లు చూసిన వాళ్లెవరికైనా ఇది చూడగానే అనుమానం రావాలి. ఇలాంటి చోట జరిగేది సాధారణంగా రెండే. ఎప్పుడో ఒక ఈఎంఐ బౌన్స్ అయినప్పుడు వేసిన చార్జీలు లోపల మిగిలిపోయి ఉంటాయి, మీకు ఎవరూ చెప్పి ఉండరు. లేదా ఆఖరి చెల్లింపు బ్రాంచిలో జమ అయి, హెడ్డాఫీసు లెక్కలో ఖాతా మూతపడి ఉండదు. మీ విషయంలో ఏది జరిగిందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. చెప్పాల్సింది ఆ కంపెనీయే. వాళ్లతో చెప్పించడానికి ఒక కాగితం కావాలి: ఆ లోన్ ఖాతా పూర్తి స్టేట్‌మెంట్, మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా, ఒక్కో లైనుతో సహా. ఆ 3,480 ఏ తేదీన, ఏ పద్దు కింద పుట్టిందో అందులో కనిపించి తీరాలి.

ఎన్‌ఓసీ పోయిందని బెంగపడుతున్నారు. అంతకంటే గట్టి సాక్ష్యం మీ బీరువాలో ఉండొచ్చు. మీ బండి ఆర్‌సీ తీసి చూడండి. లోన్ మీద కొన్న బండి కాబట్టి మొదట్లో దాని మీద ఆ ఫైనాన్స్ కంపెనీ పేరుతో హైపోథికేషన్ (బండి అప్పుకి తాకట్టుగా ఉందన్న నమోదు) ఉండేది. లోన్ తీరాక మీరు ఆర్‌టీఏ ఆఫీసుకి వెళ్లి దాన్ని తీయించి ఉంటే, దానికి ఫారం 35 కావాల్సి వచ్చి ఉంటుంది. ఈ బండి మీద మాకూ, యజమానికీ మధ్య ఉన్న ఒప్పందం ముగిసింది అని ఆ కంపెనీయే సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చే ఫారం అది. బాకీ ఉన్న బండికి ఏ ఫైనాన్స్ కంపెనీ కూడా ఆ సంతకం పెట్టదు. హైపోథికేషన్ లేని ఆర్‌సీ మీ చేతిలో ఉంటే, అది మీ వైపు మాట్లాడే మొదటి సాక్షి. ఫారం 35 కాపీ మీ దగ్గర లేకపోతే ఆర్‌టీఏ ఆఫీసులో అడగండి, వాళ్ల రికార్డులో ఉండే కాగితమే.

రెండోది, మీ ఈఎంఐలు కట్ అయిన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్. 2016 నుంచి 2019 ఏప్రిల్ దాకా కావాలని బ్రాంచిలో రాసి అడగండి. పాతది కాబట్టి చార్జీ అడగొచ్చు, కొన్నాళ్లు పట్టొచ్చు, అందుకే ఇవాళే అడగండి. వచ్చాక ఆ కంపెనీకి వెళ్లిన ప్రతి చెల్లింపు కిందా పెన్నుతో గీత గీయండి. ఈఎంఐలు ఎన్నో, గీతలు అన్ని ఉండాలి. ఏదైనా నెల తప్పితే దాని పక్కన చెక్కు బౌన్స్ ఎంట్రీ ఉందేమో చూడండి. కంపెనీ కంటే ముందు మీకు నిజం తెలియడం ముఖ్యం.

ఇప్పుడు కంపెనీకి రాయాల్సింది. బ్రాంచిలో ఉన్న కుర్రాడితో మాట్లాడి లాభం లేదు, అతనికి మీ ఎంట్రీ మార్చే అధికారం ఉండదు. ఆ కంపెనీ వెబ్‌సైట్లో గ్రీవెన్స్ రెడ్రెసల్ ఆఫీసరు లేదా నోడల్ ఆఫీసరు అని ఒకరి ఈమెయిల్ ఇచ్చి ఉంటారు, అక్కడికి పంపండి. ఉత్తరం పొడుగ్గా ఉండక్కర్లేదు. మీ బాధ, ఫ్లాట్ సంగతి, అడ్వాన్స్ సంగతి ఏవీ వద్దు. మాటలు ఇలా ఉంటే చాలు:

"ఫలానా నంబరు ద్విచక్ర వాహన రుణం 2019 మార్చి ఫలానా తేదీన పూర్తిగా చెల్లించాను. హైపోథికేషన్ రద్దుకు మీ సంస్థ ఫారం 35 ఇచ్చింది. అయినా నా క్రెడిట్ రిపోర్టులో ఈ ఖాతా రిటెన్ ఆఫ్ అనీ, రూ. 3,480 బకాయి అనీ ఉంది. ఇది తప్పు. ఖాతాను 2019 మార్చి నాటికి మూసివేసినట్టు, బకాయి సున్నా అని, ఆ తర్వాతి నెలల ఆలస్యపు రోజులను తొలగించి, నాలుగు క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీలకూ పంపవలసిందిగా కోరుతున్నాను. ఈ మొత్తం బకాయి ఉందని మీరు భావిస్తే, అది ఏ తేదీన, ఏ కారణంగా ఏర్పడిందో పూర్తి ఖాతా స్టేట్‌మెంటుతో సహా రాతపూర్వకంగా తెలపండి."

ఇందులో ఒక్క మాట కూడా వదలొద్దు, ఫారం 35 తీసుకుని ఉండకపోతే ఆ వాక్యం తప్ప. 'సరిచేయండి' అని ఊరికే రాస్తే, వాళ్లు బాకీ సున్నా చేసి, గళ్లలోని 900లు అలాగే వదిలేస్తారు. అప్పుడు బాకీ లేదు గానీ మచ్చ ఉంటుంది. స్టేటస్, బాకీ, ముగిసిన తేదీ, ఆ గళ్లు, ఈ నాలుగూ విడివిడిగా అడగాలి. మీ అభ్యర్థనను వాళ్లు కాదంటే కారణం చెప్పాలని 2023 అక్టోబరులో ఆర్‌బీఐ ఆదేశించింది. 'సిస్టంలో అలాగే ఉంది సార్' అనేది కారణం కాదు.

అదే రోజు సిబిల్ వెబ్‌సైట్లో లాగిన్ అయి డిస్ప్యూట్ (ఎంట్రీ తప్పన్న ఫిర్యాదు) వేయండి. దీనికి ఫీజు లేదు. రిపోర్టు పైన ఒక కంట్రోల్ నంబరు ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి. ఎంట్రీల్లో ఏది తప్పో అక్కడ ఎంచుకోవాలి. బైక్ లోన్‌కి ఖాతా వివరాలు తప్పు అని పెట్టండి, ఇది మీదే కాబట్టి. పంపాక వచ్చే డిస్ప్యూట్ నంబరునీ, తేదీనీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఆ తేదీ మీకు డబ్బుతో సమానం, ఎందుకో చెప్తాను.

2024 ఏప్రిల్ 26 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లోగా పరిష్కారం కాకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకీ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. అప్పిచ్చిన సంస్థ 21 రోజుల్లోగా సరిచేసిన సమాచారాన్ని బ్యూరోకి పంపకపోతే ఆ డబ్బు సంస్థ ఇచ్చుకోవాలి. వాళ్లు టైముకి పంపినా బ్యూరో 30 రోజులు దాటిస్తే బ్యూరో ఇచ్చుకోవాలి. ఫిర్యాదు తేలిన ఐదు పనిదినాల్లో అది మీ ఖాతాలో పడాలి. రోజుకి వంద పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిందో వాళ్ల జేబుకి చిల్లు పడే ఏర్పాటు అది. అందుకే దానికి విలువ ఉంది. ఒక్క మాట: ఇది ఎంట్రీల గురించిన ఫిర్యాదులకే. నా స్కోరు 612 ఎందుకుంది, 750 ఉండాలి కదా అని పెడితే ఆ పరిహారం వర్తించదు. స్కోరు మీద పోరాడకండి, ఎంట్రీ మీద పోరాడండి. ఎంట్రీ మారితే స్కోరు తనంతట తనే కదులుతుంది.

30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు అడ్డదిడ్డంగా ఉంటే, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్లండి. ఆర్‌బీఐ సీఎంఎస్ పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఎలా వేయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే చెప్తారు. 2022 సెప్టెంబరు 1 నుంచి సిబిల్ లాంటి బ్యూరోలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. మరీ చిన్న ఫైనాన్స్ కంపెనీలు కొన్ని ఆ పరిధిలో లేకపోయినా బ్యూరో ఉంటుంది, అందుకే బ్యూరోకి డిస్ప్యూట్ వేయడం మానొద్దంటున్నాను. నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరికే పరుగెడితే మాత్రం తిప్పి పంపేస్తారు. ముందు కంపెనీకి రాసి ఉండాలి.

మీ ఆవిడ గారి మాటకి వస్తాను. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. ఇంత టెన్షన్ కన్నా 3,480 పెద్ద లెక్క కాదు. కానీ బ్రాంచి వాళ్లు వాడిన మాట చూడండి, 'సెటిల్ చేసేస్తాం'. లోన్ల భాషలో సెటిల్ అంటే మొత్తం తీరడం కాదు. ఇవ్వాల్సిన దాంట్లో కొంత తీసుకుని, మిగతాది వదులుకుని, ఖాతా ముగించడం. మీరు కట్టాక ఆ ఎంట్రీ 'రిటెన్ ఆఫ్ తర్వాత సెటిల్డ్' అని మారుతుంది. అంటే బాకీ పడ్డాడు, ఎగ్గొట్టాడు, తర్వాత ఎంతో కొంత ఇచ్చి వదిలించుకున్నాడు అని అర్థం. హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకుకి అది చాలు మీ ఫైలు పక్కన పెట్టడానికి. పైగా మీరు కట్టిన రసీదే, ఆ బాకీ నిజమని మీరు ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ తర్వాత ఏ డిస్ప్యూట్ వేస్తారు?

ఒకవేళ స్టేట్‌మెంట్ వచ్చాక చూస్తే, ఆ డబ్బు నిజంగానే మీరివ్వాల్సింది అని తేలిందనుకోండి, బౌన్స్ చార్జీలో మరొకటో. అప్పుడు కట్టేయండి, అందులో మొహమాటం ఏమీ లేదు. కానీ మొత్తం కట్టండి, తగ్గింపు అడగొద్దు. కట్టే ముందే, ఇది పూర్తి చెల్లింపు, ఇక బకాయి లేదు, ఖాతా క్లోజ్డ్ అని బ్యూరోలకు పంపుతాం అని ఈమెయిల్లో రాయించుకోండి. నోటి మాట మీద ఒక్క రూపాయి కూడా కట్టకండి.

రెండోదానికి రండి, ఆ 18,500 లోన్. ఇది కాస్త జాగ్రత్తగా చేయాల్సిన పని. డిస్ప్యూట్ వేసేటప్పుడు 'ఈ ఖాతా నాది కాదు' అనేదే ఎంచుకోవాలి. పొరపాటున కూడా బాకీ మొత్తం తప్పు అని పెట్టకండి. మొత్తం తప్పు అంటే లోన్ నాదే కానీ లెక్క తేడా అన్నట్టు.

ఇలాంటి పరాయి లోన్లు రెండు రకాలుగా వస్తాయి. ఒకటి, వేరే మనిషి అప్పు మీ రిపోర్టులో కలిసిపోవడం. మనవాళ్ల పేర్లతో ఇది మరీ ఎక్కువ. ఒక చోట ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఇంకో చోట పూర్తిగా, మరో చోట చివర్లో ఉంటుంది. ఒకే పేరున్న వాళ్లు వీధికి ఇద్దరుంటారు. ఎక్కడో ఒక అంకె పాన్ నంబరులో తప్పు కొడితే చాలు. రెండోది, మీ పాన్, ఆధార్ కాపీలు వాడి ఎవరో కావాలని తీసుకోవడం. ఏదో తెలియాలంటే మీ రిపోర్టు మొదటి పేజీ చూడండి. నేను చూసినంతలో అక్కడ ఉన్న నాలుగు చిరునామాల్లో ఒకటి, రెండు ఫోన్ నంబర్లలో ఒకటి మీ ఉత్తరంలో ఉన్నవాటితో కలవడం లేదు. పాతవి కూడా కావొచ్చు, మీరే చెప్పాలి. మీవి కాకపోతే, వాటిని కూడా వ్యక్తిగత వివరాల కింద విడిగా డిస్ప్యూట్ చేయండి. ఖాతా తీసేసి ఆ చిరునామా వదిలేస్తే, అవతలి మనిషి తర్వాతి అప్పు మళ్లీ మీ ఇంటికే వస్తుంది.

ఆ కంపెనీకి రాసేటప్పుడు మీరు ఏమీ నిరూపించక్కర్లేదు, వాళ్లని చూపించమనండి. అప్లికేషన్, కేవైసీ కాగితాలు, సంతకం లేదా ఈ-సైన్ చేసిన ఒప్పందం, ఓటీపీ వెళ్లిన ఫోన్ నంబరు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ 18,500 ఏ ఖాతాలో పడింది లేక ఏ షాపుకి వెళ్లింది. డబ్బు మీ దగ్గరికి రాలేదని తేలడానికి ఇదొక్కటి చాలు. మీ కాగితాలు దుర్వినియోగం అయ్యాయని తేలితే ఆలస్యం చేయకుండా నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు ఇవ్వండి, 1930కి ఫోన్ చేయండి, పోలీస్ స్టేషన్లో కూడా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ కాపీ జతచేస్తే కంపెనీ మీ డిస్ప్యూట్‌ని తేలిగ్గా కొట్టేయలేదు. మీ చేత కట్టించడానికి రికవరీ వాళ్లు ఫోన్ చేస్తే, కేసు నంబరు చెప్పి, ఏదున్నా ఈమెయిల్లో రాయమనండి. ఫోన్లో సగం ఇస్తాను, పావు ఇస్తాను అనే బేరానికి దిగకండి.

ట్రాక్టర్ సంగతి. మీరు రూపాయి తీసుకోలేదు, నిజమే. కానీ హామీ సంతకం అంటే, అతను కట్టకపోతే నేను కడతాను అని రాసిచ్చిన మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యత ఉందో హామీదారుకీ అంతే ఉంది. మీ రిపోర్టులో ఆ ఖాతా దగ్గర 'గ్యారంటార్' అని సరిగ్గానే రాశారు. దాన్ని తప్పు అని డిస్ప్యూట్ వేయకండి. బ్యాంకు మీ సంతకం ఉన్న కాగితం చూపిస్తుంది, అది కొట్టేస్తారు, మీ మిగతా రెండు ఫిర్యాదుల మీద కూడా అనుమానం వస్తుంది.

దానికి చేయాల్సింది మీ బావమరిదితో కూర్చుని మాట్లాడటం. కష్టమైన మాటే, ఇంట్లో మనసులు నొచ్చుకునే మాటే. అయినా అతనికి మీ పరిస్థితి తెలియకపోయి ఉండొచ్చు. తన వాయిదా తప్పితే మీ ఇంటి లోన్ ఆగుతుందని ఊళ్లో చాలామందికి తెలియదు. హామీదారుగా ఆ బ్యాంకులో బాకీ ఎంతో, వాయిదాలు ఎన్ని తప్పాయో అడిగి రాయించుకుని వెళ్లండి. అంకె చేతిలో ఉంటే మాట వాదన కాకుండా లెక్క అవుతుంది. తప్పిన వాయిదాలు ఇద్దరూ కలిసి కట్టగలిగితే కట్టి, ఖాతాని దారిలో పెట్టండి. పాత ఆలస్యాలు రిపోర్టులో కొంతకాలం కనిపిస్తూనే ఉంటాయి, అది దాచను. కానీ నడుస్తున్న బాకీకీ, తీరిన బాకీకీ బ్యాంకు చూపులో చాలా తేడా ఉంది.

ఏజెంటు దగ్గర ఏ మంత్రమూ లేదు. అతను వేసేదీ మీరు ఉచితంగా వేయగలిగిన ఈ ఆన్‌లైన్ ఫారమే. పైగా దానికి మీ పాన్, ఆధార్, ఓటీపీ అడుగుతాడు. పరాయి లోన్ ఒకటి ఇప్పటికే మీ పేరు మీద తేలి ఉన్నప్పుడు, ఆ కాగితాలు మళ్లీ ఎవరి చేతిలోనో పెడతారా? ట్రాక్టర్ ఎంట్రీ కూడా తీయించేస్తానన్నాడంటేనే అతని మాట ఎంత నిజమో తెలుస్తోంది.

ఇక మీ మూడు నెలలు. హోమ్ లోన్ కాదన్న బ్యాంకుకి మళ్లీ వెళ్లండి. ఏ బ్యూరో రిపోర్టు చూసి కాదన్నారో దాని కాపీ అడగండి, అప్లికేషన్ పెట్టినవాడికి అది అడిగే హక్కు చట్టంలోనే ఉంది, చిన్న ఫీజు ఉండొచ్చు. మన దేశంలో సిబిల్ ఒక్కటే లేదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. ఒక్కొక్కరి దగ్గర ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఆ మూడింటి సొంత వెబ్‌సైట్లలోకి వెళ్లి ఇవాళే తీయండి. సిబిల్‌లో దిద్దిన తప్పు ఇంకో చోట మిగిలిపోవడం మామూలే. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. కానీ కంగారులో ఇంకో నాలుగు బ్యాంకుల్లో అప్లికేషన్లు పెట్టకండి, ప్రతి బ్యాంకు ఎంక్వైరీ రిపోర్టులో నమోదవుతుంది, ఇప్పుడు అవి మీకు మంచి చేయవు.

ఆ బ్యాంకు మేనేజరుకి మీ డిస్ప్యూట్ నంబర్లు, ఆర్‌సీ, ఫారం 35, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. ఎంట్రీ మారకముందే ఆ కాగితాలు చూసి ముందుకు వెళ్లే బ్యాంకులూ ఉంటాయి, వెళ్లనివీ ఉంటాయి, అది వాళ్ల ఇష్టం. మారాక కొత్త రిపోర్టు తీయమని మాత్రం రాతపూర్వకంగా అడగండి. 2025 జనవరి నుంచి అప్పిచ్చిన సంస్థలు బ్యూరోలకి సమాచారం కనీసం పదిహేను రోజులకోసారి పంపాలి, అంతకుముందులా నెలకోసారి కాదు. కాబట్టి కంపెనీ ఒప్పుకున్న తర్వాత ఎక్కువ కాలం ఆగక్కర్లేదు. అయినా ఫ్లాట్ అమ్మేవాళ్లతో ఇప్పుడే మాట్లాడి, అవసరమైతే ఇంకో నెలన్నర గడువు పెంచుతున్నట్టు అగ్రిమెంట్ కిందే రాయించుకుని సంతకాలు తీసుకోండి. ఆఖరి వారంలో అడిగితే మీ అడ్వాన్స్‌ని అడ్డం పెట్టుకుని వాళ్లు బేరమాడతారు.

ఇంకొకటి మీరు రాయలేదు గానీ అడగాల్సిందే. హోమ్ లోన్‌లో మీ ఆవిడని కో-అప్లికెంట్‌గా పెడుతున్నారా? పెడుతుంటే ఆవిడ రిపోర్టులు కూడా ఈ వారమే తీయండి. పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఒక పాన్, పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంకో ఇంటిపేరు ఉన్న ఆడవాళ్ల రిపోర్టుల్లో ఖాతాలు రెండు చోట్ల చీలిపోవడం, ఒకరివి ఒకరికి కలవడం జరుగుతుంది. అలాంటిదేమైనా ఉంటే మీ డిస్ప్యూట్‌తో పాటే అదీ వేసేయండి. నెల తర్వాత బ్యాంకు వాళ్లు చూసి చెప్తే, ఇంకో 30 రోజుల లెక్క కొత్తగా మొదలవుతుంది.